ఎరువు మోసింది మనం, సారం చేరింది ఎవరి చేలకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఇప్పుడు ఎక్కడ రైతుల మీటింగు పెట్టినా ఒకటే పాట. నేల చెడిపోయింది, జనం యూరియా చల్లిచల్లి భూమిని చంపుతున్నారు, పేడకు, ఆవు పంచితానికి తిరిగి రండి అని. ఆఫీసర్లు చెప్తారు, సంస్థల వాళ్ళు చెప్తారు, టీవీల్లో స్వాములు కూడా చెప్తారు. నేల చెడింది నిజమే. కాదని మేం అనటం లేదు. మేం అడిగేది వేరే. ఏ నేల? ఎవరి నేల? బాగున్న నేల ఎవరి రెక్కల మీద బాగైంది? ఈ ప్రశ్నలు పక్కనబెట్టి భూసారం గురించి మాట్లాడే పెద్దమనుషులు కులం గురించి మాట్లాడకుండా తప్పించుకుంటున్నారు, అంతే.

మా ఇండ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. మాకు పంతులు ఉద్యోగాలు వచ్చేదాకా పేడ గంప ఎత్తని తల మా ఇంట్లో లేదు. ఎండకాలం వస్తే రెడ్ల కొట్టాల పక్కన ఏడాది పొడుగునా పోగైన దిబ్బను తవ్వేది మా నాయనలు, గంపలకెత్తుకొని చెరువు కింద మళ్ళకు మోసేది మా అమ్మలు, అక్కలు. బండి పోయేచోట బండి, పోనిచోట నెత్తి. పేడనీళ్ళు చెంపల మీద కారతా ఉంటే అట్లనే నడిచేవాళ్ళు. ఆ ఇంటి వాకిట్లో చల్లిన పేడ పవిత్రం. అదే పేడ మోసిన మనిషి గడప తొక్కితే మైల! ఎముకల కథా ఇదే. చచ్చిన గొడ్డును ఈడ్చి, తోలు తీసి, ఎముకలు ఏరి అమ్మింది మన మాదిగ పల్లెలే. ఎముకల్లో ఉండేది భాస్వరం, సున్నం. అది మన చేతిలో ఉన్నంతసేపూ అంటు. మిల్లులో పొడై మూటలో పడి వచ్చిందంటే అదే ఎరువు, అయ్యవారు కూడా చేత్తో ముట్టుకొని చల్లుతాడు.

ఇక మనకిచ్చిన భూములు చూడండి. గుట్ట వాలులో ఎకరా, ఎకరన్నర డి.కె.టి. పట్టా. అంతా గరుసు, రాళ్ళు, పైన జానెడు ఎర్రమట్టి. గట్లు కట్టుకొనే తాహతు లేదు. ఒక్క గట్టి వాన పడితే ఆ జానెడులో వేలెడు కొట్టుకొని పోతుంది. ఎక్కడికి పోతుంది? వంకలో పడి చెరువులోకి. మన చేలో ఉన్న కాస్త జిగట, కుళ్ళిన ఆకు, సారం అంతా చెరువు అడుగున ఒండ్రుగా పేరుకుంటుంది. ఎండకాలం చెరువు ఎండినాక ఆ ఒండ్రును తవ్వి ఎత్తేది మళ్ళీ మనమే, కూలికి. అది పోయేది కింద ఆయకట్టు చేలకు! మన మట్టిని మన చేతనే తవ్వించి వాళ్ళ చేలో పోయించుకుంటారు. 2015లో నీరు-చెట్టు అని మొదలుపెట్టినప్పుడు చెరువుల్లోకి పొక్లెయిన్లు దిగినాయి. తవ్విన మట్టి ఉచితమన్నారు. ఉచితమే, కానీ ట్రాక్టరు బాడుగ ఎవరు పెట్టాల? ఎర్రనేల తేమ పట్టుకోవాలంటే ఎకరాకు ఇరవై ముప్పై ట్రాక్టర్లు తోలాల. ట్రాక్టరు ఉన్నోడికే ఉచితం దక్కింది.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదారు చెరువులో దిగి నీళ్ళు తాగినారు. చెరువు ఊరందరిదని చెప్పడానికి. నీళ్ళు ఊరందరివైతే అడుగున ఉన్న మట్టి ఎవరిది?

యూరియా సంగతికి వస్తాం. మనవాళ్ళు అత్యాశతో చల్లుతున్నారని తిట్టేవాళ్ళు ఒక చిన్న లెక్క చూడాల. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు. యూరియాలో నూటికి 46 పాలు. 45 కిలోల యూరియా మూటలో ఇరవై కిలోల పైన నత్రజని ఉంటుంది. అంత నత్రజని పేడలో కావాలంటే నాలుగు టన్నులు తోలాల. మూట ధర 266 రూపాయల 50 పైసలు. నాలుగు టన్నుల పేడకు, బాడుగకు, చల్లే కూలికి వేలు కావాల. రెండు గొడ్లు కూడా లేని ఇంటికి ఏది అందుతుంది? పైగా 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వం సబ్సిడీ పద్ధతి మార్చినప్పుడు యూరియా ధర కట్టడి చేసి, భాస్వరం, పొటాష్ మూటల ధరలు వదిలేసింది. అవి పెరిగినాయి, ఇది పెద్దగా పెరగలేదు. చౌకగా ఉన్నది ఒకటే అయినప్పుడు పేదోడు అదే చల్లినాడు. ఇది మన అజ్ఞానమా, వాళ్ళ విధానమా?

యూరియా ఒక్కటే చల్లితే ఏమవుతుందో మాకు తెలుసు, దాచుకోము. ఎర్రనేలలో పులుపు గుణం పెరుగుతుంది. టమాటా చెట్టు ఆకు బాగా తొడిగి మెత్తబడుతుంది, పురుగు, తెగులు దాన్నే వెతుక్కుంటా వస్తాయి. మన నేలల్లాంటి ఎర్రనేలల్లోనే, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 1978 నుంచి రాగి పైరు మీద ప్రయోగం నడిపినారు. మందు ఒక్కటే వేసిన మడిలో దిగుబడి రానురాను తగ్గింది. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు, దానికి తోడు మందు వేసిన మడిలో నిలబడింది. అంటే మందు మానేయమనీ కాదు, మందే వేయమనీ కాదు. మట్టిలో కుళ్ళిన పదార్థం ఉంటేనే వేసిన మందు నిలుస్తుంది, లేకుంటే వానకు కొట్టుకుపోతుంది. మన ముసలోళ్ళు రాగిలో అనప, కంది సాళ్ళు పెట్టింది ఊరికే కాదు. ఆ వేర్ల బుడిపెలు గాల్లోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. శెనక్కాయ కూడా అంతే. దానికి కావలసింది యూరియా కంటే సున్నం, గంధకం. ఊడలు దిగేటప్పుడు జిప్సం వేయకపోతే కాయలు తాలుపోతాయి, ఎందుకంటే కాయ తనకు కావలసిన సున్నం వేరు నుంచి కాకుండా చుట్టూ ఉన్న మట్టిలో నుంచే పీల్చుకుంటుంది. ఈ ముక్క ఎన్ని దళితవాడల్లో ఎవరొచ్చి చెప్పినారు? మాకైతే నలభై ఏండ్లు దాటినాక తెలిసింది.

ఇంకో సంగతి. పశువుల ఎరువు వేసిన ఏడాదే సారమంతా ఇవ్వదు, రెండు మూడేండ్లు కొంచెం కొంచెంగా ఇస్తుంది. కౌలు రైతుకు చేను ఉండేది పదకొండు నెలలు. వచ్చే ఏడాది చేను ఎవరిదో తెలియనోడు పేడ ఎందుకు తోలుతాడు? మూడు నెలల్లో ఫలితం చూపించే మూటే కొంటాడు. నేలను చంపింది యూరియా అంటారు, దాని వెనక ఉన్న కౌలు కాగితాన్ని మాత్రం చూడరు. 2019 చట్టం కౌలు కార్డు ఇస్తామంది, దానికి భూయజమాని ఒప్పుకోవాలంది. ఏ ఆసామి సంతకం పెడతాడు? మన సొంత పట్టాల సంగతి కూడా ఏమంత గట్టిగా లేదు. 1977 చట్టం అసైన్డు భూములు అమ్మకూడదు, కొనకూడదు అన్నది. అయినా ఎన్ని ఎకరాలు చేతులు మారినాయో మీ పల్లెలోనే లెక్కేసుకోండి. 2023లో ఇరవై ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చని చట్టం మార్చినారు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయినాయి. ఆ మంటల సంగతి తేల్చాల్సినోళ్ళు తేలుస్తారు. ఈ భూమి మనదేనా అని రోజూ భయపడే మనిషిని, నేలను బిడ్డలా చూసుకో అని ఏ నోటితో చెప్తారు?

2015లో భూసార పరీక్ష కార్డులు వచ్చినాయి. మా పక్క పల్లెలో మట్టి ఎత్తడానికి వచ్చినప్పుడు ఒక ముసలామె అడిగింది, "ఏం సారూ, మా చేలో ఎత్తవా?" అని. "వాన చేలకు ఇరవై ఐదెకరాలకు ఒక శాంపిలే అమ్మా" అన్నాడాయన. ఆయన తప్పు కాదు, అప్పుడు రూలు అట్లానే ఉండింది. పది హెక్టార్లకు ఒకటి. ఎత్తింది దారి పక్కన పెద్ద రైతు చేలో. గుట్ట మీద ఆమె గరుసు చేనికి కింద ఒండ్రు చేని జాతకం రాసి చేతికిచ్చినారు. ఆ కార్డు ఆమె ఇంట్లో చూరులో చెక్కి ఉంది, చదివినోడు లేడు.

ఇప్పుడు ప్రకృతి సేద్యం. 2016 నుంచి మన రాష్ట్రంలో ఊరూరా చెప్తున్నారు. జీవామృతం అంటే పది కిలోల పేడ, పది లీటర్ల పంచితం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్ళు. ఖర్చు తగ్గుతుందంటే మాకూ సంతోషమే, కొన్ని చోట్ల మన ఆడవాళ్ళు చేస్తున్నారు కూడా. కానీ నాటు ఆవు ఎవరి కొట్టంలో ఉంది? పుంగనూరు ఆవు పేరు దేశమంతా మోగుతోంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ పొట్టి ఆవులకు గడ్డి తినిపించినాడు, ఫోటోలు వచ్చినాయి. పుంగనూరు చుట్టూ ఉన్న మాల మాదిగ ఇండ్లల్లో ఆ ఆవు ఎన్ని ఇండ్లల్లో ఉందో పోయి చూడమనండి. ధర లక్షల్లో పలుకుతుంది. మళ్ళీ పెద్దింటి గుమ్మం ముందు బక్కెట్టు పట్టుకొని పంచితం అడుక్కోమంటారా? ఆ గుమ్మం దగ్గర నిలబడటం మానుకోవడానికే మేం చదువుకున్నాం.

అంతకు ముందు కుప్పంలో ఇంకో విద్య చూపించినారు. 1990ల చివర ఇజ్రాయెల్ పద్ధతి అని చిన్న కమతాలను కలిపి, డ్రిప్పు పైపులేసి, ఎరువును నీళ్ళల్లోనే కలిపి పారించినారు. నీళ్ళు ఆదా అయ్యే మాట నిజం. దానికి ముందు బోరు కావాల. ఈ పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దించినా నీళ్ళు పడని బోర్లు ఎన్నో. అప్పు పుట్టినోడికే బోరు, బోరున్నోడికే పైపు. ఒకసారి ఇజ్రాయెల్, ఇంకోసారి ఆవు. గుట్ట మీద మన చేను దాకా ఏదీ ఎక్కి రాలేదు.

కాబట్టి మేం అడిగేది పెద్ద విద్యేమీ కాదు. చెరువు తవ్విన ప్రతిచోటా మొదటి ట్రాక్టర్లు డి.కె.టి. చేలకు పోవాల, బాడుగ ప్రభుత్వం కట్టాల. ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో పనులు చేయొచ్చని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. మన కూలీలు మన వాలు చేలకు రాతి కట్టలు వేసుకోవడం అందులోనే ఉండింది. ఎన్ని పల్లెల్లో చేయనిచ్చినారు? కౌలుదారుకు ఆసామి సంతకం లేకుండా కార్డు కావాల. మట్టి పరీక్ష మన చేలో, మన కళ్ళెదుట జరగాల.

దానికి ఎవరి కోసమో కాచుకోవద్దు. పైరు కోసినాక చేలో ఎనిమిది పది చోట్ల గడ్డీ గాదం తీసేసి, జానెడు లోతుకు పార కోసుగా తవ్వండి, పక్క నుంచి పైదాకా సన్నగా ఒక చెక్క తీయండి. గట్టు పక్కన, చెట్టు నీడన, దిబ్బ వేసిన చోట ఎత్తొద్దు. అంతా గుడ్డ మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తా అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి సంచిలో కట్టి వ్యవసాయ ఆఫీసులో ఇవ్వండి, ఇచ్చినట్టు కాగితం అడిగి తీసుకోండి. సంచి లోపల చీటీ మీద మీ పేరు, మీ సర్వే నంబరు రాయండి. ఆడవాళ్ళు సేద్యం చేసే చేనైతే ఆడవాళ్ళ పేరే రాయండి. రాయడం రాకపోతే బడికి రండి, మేం రాసిస్తాం.