పాత రికార్డులను కాయలాన్ కడైకి వెయ్యకండి



పోయిన సమావేశంలో మేము నలుగురం ఒక మాట అడిగాం. మన హాల్లో పాత గ్రామఫోను రికార్డులకు ఒక బీరువా పెడదామని. "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా సార్, ఈ చెత్తంతా ఎందుకు?" అని జవాబు వచ్చింది. కొందరు నవ్వారు. అక్కడ గొడవ ఎందుకని ఊరుకున్నాం. కానీ ఆ మాటకు బదులు చెప్పకపోతే తప్పవుతుంది. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

మేము ఆదివారం పొద్దున ప్లేట్లు వెదకడానికి వెళతాం. స్కూల్లో ఇసైత్తట్టు అని చదివినా, ఇంట్లో వాటిని ప్లేట్లనే అనేవాళ్ళు. రైల్వేలో చేరిన కొత్తలో జీతం రోజున సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళం. పాత పుస్తకాలు, పక్షులు, ప్లేట్లు అన్నీ అక్కడే. 1985 మే 30న అది కాలిపోయింది. ఇప్పుడు అక్కడ లోకల్ రైళ్ళ స్టేషను ఉంది, పేరు మాత్రం మూర్ మార్కెట్ కాంప్లెక్స్. అంగళ్ళవాళ్ళకు పక్కనే లిల్లీ పాండ్ కాంప్లెక్సులో చోటిచ్చారు. మేము ఇప్పటికీ అక్కడికి వెళతాం, తిరువల్లిక్కేణి సందుల్లోకీ వెళతాం.

ఆ పనిలో ఉన్న సుఖం తెలియనివాళ్ళకు చెప్పాలి. కట్ట ముందు చిన్న ముక్కాలిపీట వేసుకుని కూచోవాలి. ఒక్కొక్క ప్లేటూ తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి గీతలు చూడాలి. 78 స్పీడు ప్లేటయితే గోటితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉన్నట్టు. అది లక్కతో చేసినది, చెయ్యి జారితే ముక్కలే. చేతులు నల్లబడతాయి, నడుము నొప్పి పుడుతుంది. ఇరవై తమిళ సినిమా ప్లేట్ల కింద ఉన్నట్టుండి ఒక తెలుగు పేరు కనపడుతుంది. అప్పుడు నొప్పి గుర్తుండదు. అంగడి భాయ్ ఇంటిమాట తెలుగు కాదు. కానీ ఘంటసాల అంటే "సినిమాయా, పద్యమా?" అని అడుగుతాడు. మన పిల్లల్లో ఎంతమంది ఆ ప్రశ్న అడగగలరు?

ఇక ఫోను సంగతి. మేమూ ఫోన్లో వింటాం, దానిమీద మాకు కోపం లేదు. కానీ ఫోను మనం అడిగినదే ఇస్తుంది, లేకపోతే అందరూ వింటున్నది ఇస్తుంది. అడగడానికి పేరు తెలియాలి కదా. కపిలవాయి రామనాథశాస్త్రి పేరే వినని పిల్లవాడు ఆయన పద్యాన్ని ఎలా అడుగుతాడు? అంగట్లో అయితే అడగకుండానే చేతికి వస్తుంది. "ఇదెవరు తాతా?" అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

పైగా అన్నీ ఫోన్లో లేవు. ఎవరో ఒకరు ప్లేటు దాచి, ముల్లు పెట్టి, ఎక్కిస్తేనే అందులోకి వస్తుంది. పేరున్న సినిమా పాటలు ఎక్కాయి. నాటక పద్యాలు, హరికథలు, హాస్య సంభాషణలు ఎక్కినవి కొన్నే. ఎక్కినవాటిలో కూడా పాడినవారి పేరు తప్పు, రాసినవారి పేరు ఉండదు. ప్లేటు మీద అతికించిన కాగితంలో కంపెనీ, నంబరు, పాడినవారు అన్నీ ఉంటాయి. తమిళంలో చదువుకున్న మాకు తెలుగు అక్షరం స్కూల్లో రాలేదు. పెద్దయ్యాక ఆ కాగితాల మీది పేర్లు కూడబలుక్కుని నేర్చుకున్నది కొంత ఉంది. అది మాకు చెత్త కాదు.

ఇప్పుడు చేదు మాట. పోయిన ఏడాది ఒక కట్ట దొరికింది. కవర్ల మీద సిరాతో తెలుగులో ఒక పేరు, వీధి పేరు. చూడగానే తెలిసింది, ఆయన మన సంఘంలో తొలినాటి సభ్యుడు. ఇల్లు బిల్డరుకు ఇచ్చేటప్పుడు ఇంటివాళ్ళు సామానుతో పాటు కిలో లెక్కన వేసేశారు. అన్నీ పద్యాల ప్లేట్లే. ఒకటి రెండు ముక్కలై ఉంది. మిగిలినవాటిలో రెండింటిని ఫోన్లో ఎంత వెదికినా దొరకలేదు. ఇంటివాళ్ళను తప్పు పట్టం, వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పవలసిన వాళ్ళం మనం.

ఇంకొకటి కూడా చూశాం. తమిళుల ఇళ్ళనుంచి వచ్చే కట్టల్లో త్యాగరాజ కీర్తనలు, బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల 5 ఎల్.పి.లు కవరు నలగకుండా ఉంటాయి. మన ఇళ్ళనుంచి వచ్చేవి కవర్లు లేక, గీతలు పడి ఉంటాయి. మన భాషను వాళ్ళు దాచారు, మనం పారేశాం. సిగ్గుపడవలసింది ఎవరు?

2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటినుంచి బళ్ళలో తెలుగు పోతోందని మనం అర్జీలు పెడుతున్నాం, సభలు జరుపుతున్నాం. అది న్యాయమే, సంతకాలు మేమూ పెట్టాం. కానీ ప్రభుత్వాన్ని తెలుగు అడిగే చేత్తోనే ఇంట్లో ఉన్న తెలుగును తూకానికి వేస్తే, ఆ అర్జీకి బలం ఎక్కడిది? ఉగాదికి కప్పే శాలువాల్లో ఒకటి తగ్గిస్తే రెండు మూడు మంచి ప్లేట్లు వస్తాయి. శాలువా మరుసటి రోజే పెట్టెలోకి పోతుంది.

మేము అడిగేది పెద్ద పని కాదు. ఒక బీరువా, అందులో ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టడానికి అరలు. ఒక ప్లేయరు, 78కి వేరే ముల్లు, ఎల్.పి.కి వేరే ముల్లు. ఒక నోటుబుక్కులో పట్టిక. తుడవడం మేము నేర్పుతాం. 78 ప్లేటుకు స్పిరిటు తగిలితే లక్క కరిగిపోతుంది, మెత్తని పొడిగుడ్డ చాలు. ఫోన్లోకి ఎక్కించడం కుర్రవాళ్ళు చేస్తారు. ఫోనుకూ మాకూ అక్కడ తగాదా తీరిపోతుంది.

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు కాయలాన్ కడైవాణ్ణి పిలిచే ముందు సంఘానికి ఒక్క మాట చెప్పండి. మేమే వచ్చి మోసుకుపోతాం. ఆదివారం మాతో వెదకడానికి రాదలచినవాళ్ళు ఎనిమిదింటికి సెంట్రల్ దగ్గర కలవండి, మనవళ్ళను కూడా తీసుకురండి. బీరువా సంగతి వచ్చే సమావేశంలో మళ్ళీ అడుగుతాం. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు, కానీ ఈసారి మేము ఊరుకోం.

ఇట్లు,
మీలో కొందరం