రేసుకు హద్దుంది, మన రోడ్డుకే లేదు



షబె బరాత్ దగ్గర పడితే నాకు ఇబాదత్‌తో పాటు ఒక ఫికర్ కూడా మొదలవుతుంది. ఆ రాత్రి మన పిల్లల బైకులకు భయపడి పోలీసులు నెక్లెస్ రోడ్డునూ, షహర్‌లోని చాలా ఫ్లైఓవర్లనూ మూసేస్తారు. అల్లాహ్ ముందు నిలబడాల్సిన జాగ్నే కీ రాత్‌కు బారికేడ్లు! మనకు షరమ్ కాదా?

టీవీలో కార్ల రేసులు చూసే పిల్లలు ఖరాబ్ అవుతున్నారని మా మొహల్లా బుజుర్గులు అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

2023 ఫిబ్రవరి 11న, మా అమీర్‌పేటకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, మన దేశంలో మొదటిసారి ఫార్ములా ఈ రేసు జరిగింది. మనం రోజూ తిరిగే రోడ్లనే మూసి, రెండు వైపులా గోడలు నిలబెట్టి, 18 మలుపుల ట్రాకు చేశారు. నేనూ, పదిహేడేళ్ల మా అబ్బాయీ టీవీ ముందు కూర్చున్నాం. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాకు యాద్ ఉండిపోయింది మాత్రం సెబాస్టియన్ బ్యూమీ. మూడోవాడిగా గీత దాటాడు. కానీ ఇజాజత్ ఉన్నదానికంటే ఎక్కువ పవర్ వాడాడని పెనాల్టీ పడి, మూడో స్థానం డా కోస్టాకు పోయింది. అంటే రేసులో కూడా హద్దు దాటితే సజా ఉంది.

నెల తిరక్కుండానే, మార్చి 7న షబె బరాత్ వచ్చింది. ఇషా తర్వాత కబరస్తాన్‌కు పోయొస్తానని వెళ్లిన మావాడు రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేశాడు. "అబ్బా, పంజాగుట్ట దగ్గర పడిపోయినం." దోస్తు బైకు, దాని మీద ముగ్గురు. ఒక్కరికీ హెల్మెట్ లేదు, లైసెన్సు లేదు. అల్హమ్దులిల్లాహ్, మోచేతులు గీసుకుపోవడంతో సరిపోయింది. ఇంటికి తెచ్చి గట్టిగా అరిచాను. వాడు తల దించుకునే అన్నాడు: "రంజాన్‌లో నన్ను వెనక కూర్చోబెట్టుకొని మీరు సిగ్నల్ దాటించలేదా, అబ్బా?"

నా నోట జవాబు రాలేదు. పంజాగుట్టలో దుకాణం మూసి, మగ్రిబ్‌కు పది నిమిషాలుందనగా, దస్తర్‌ఖాన్ దగ్గరికి చేరాలని ఎర్ర లైటు ఎన్నిసార్లు దాటానో నాకే తెలుసు. మావాడు వేగం టీవీలో నేర్చుకోలేదు. నా వెనక కూర్చొని నేర్చుకున్నాడు.

వేగమే రోజీగా బతికేవాళ్లను చూడండి. అమెరికాలో గుండ్రటి ట్రాకుల మీద నాస్కార్ కార్ల రేసులు జరుగుతాయి. 1987లో టల్లడేగాలో బాబీ అల్లిసన్ కారు గాల్లోకి లేచి కంచెను చీల్చింది. మరుసటి ఏడాది నుంచి అలాంటి పెద్ద ట్రాకుల్లో ఇంజన్‌కు గాలి తగ్గించే పలక బిగించి, వేగాన్నే కట్టేశారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ జాన్ పోయింది. అదే ఏడాది డ్రైవర్ల తల, మెడను పట్టి ఉంచే సాధనాన్ని లాజిమ్ చేశారు. తర్వాత దెబ్బను మింగే గోడలు కట్టారు. ఒక్కో మౌత్, ఒక్కో హాద్సా వాళ్లకు ఒక ఉసూల్ నేర్పింది. మనం మాత్రం "తఖ్దీర్" అని జనాజా మోసి, మర్నాడు అదే బైకు తాళం ఇంకో పిల్లవాడి చేతికిస్తాం.

రేసు మన దీన్‌కు పరాయిది కాదు. ప్రవక్త (స) మదీనాలో గుర్రాలను పరుగెత్తించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు ఎక్కువ దూరం, పొందనివాటికి తక్కువ దూరం పెట్టారు. గుర్రానికే అంత ఎహ్తియాత్ ఉంటే, లైసెన్సు లేని పిల్లవాడికి నడిరోడ్డు ఎలా అప్పగిస్తాం?

అందుకే నా గుజారిష్. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా తాళం ఇవ్వకండి. షబె బరాత్‌కు కబరస్తాన్‌కు పిల్లలతో మీరూ వెళ్లి, వెంటబెట్టుకొని తిరిగి రండి. రంజాన్‌లో జేబులో నాలుగు ఖజూర్లు, బండిలో నీళ్ల సీసా పెట్టుకోండి. అజాన్ ఎక్కడ వినబడితే అక్కడే రోడ్డు పక్కన ఆగి ఇఫ్తార్ చేయండి. నేను అదే చేస్తున్నాను. మొదటిసారి పంజాగుట్టలో బండి ఆపి ఖజూర్ అందిస్తే మావాడు ఏమీ అనలేదు. హెల్మెట్ తీసి, బిస్మిల్లాహ్ అని తిన్నాడు.

ఔలాద్ అమానత్. నసీహత్ చేసే ముందు మన బండి హద్దులో ఉందో లేదో చూసుకుందాం.