రంగుల పెట్టెలో మన చాయ

అమ్మ బొమ్మ గీయమంటే పిల్లలు చీరకు ఏ రంగు వేయాలా అని చాలాసేపు ఆలోచిస్తారు. జడకు నలుపు, బొట్టుకు ఎరుపు ఏరుకుంటారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఆగిపోతుంది. పెట్టెలోని లేత గులాబీని తీసి పూసేస్తారు. ఆ తల్లి చామనచాయ కావచ్చు, నల్లని మనిషీ కావచ్చు. పిల్లల్ని తప్పుపట్టలేం. చర్మమంటే ఇదే రంగని వాళ్లకు రంగుల పెట్టె చెప్పింది, కథల పుస్తకం చెప్పింది, టీవీ ప్రకటన చెప్పింది.

ఈ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో క్రేయోలా సంస్థ లేత గులాబీ క్రేయాన్‌ను ‘ఫ్లెష్’ పేరుతో ఏళ్ల తరబడి అమ్మింది. 1962లో ఆ పేరును ‘పీచ్’గా మార్చింది. రకరకాల మేనిచాయలతో 1992లో ఒక పెట్టెను, 2020లో 24 చాయలతో మరో పెట్టెను తెచ్చింది. మన దేశంలోనూ లేత రంగు క్రేయాన్ మీద ‘స్కిన్’ అని రాయడాన్ని ప్రశ్నిస్తూ బెంగళూరులో న్యాయశాస్త్ర విద్యార్థి ఒకరు వినియోగదారుల ఫోరం మెట్లెక్కారు. 2020లోనే ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ కాస్తా ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పేర్లు మారడం మంచిదే. చూపు కూడా మారాలంటే మాత్రం కళ్లకూ చేతికీ కొంత సాధన కావాలి. ఆ సాధనకు ఈ రోజుల్లో పిల్లలూ పెద్దలూ ఇష్టపడుతున్న ఆల్కహాల్ సిరా మార్కర్లు చక్కగా పనికొస్తాయి.

మనిషి చర్మం గోడకు వేసిన సున్నంలా ఒకే పూత కాదు. పై పొరలో మెలనిన్ ఉంటుంది, దాని కింద నెత్తురు పారుతుంటుంది. వెలుతురు ఈ పొరల్లోకి వెళ్లి తిరిగొస్తేనే మనకు మేనిచాయ కనిపిస్తుంది. అందుకే చెవి అంచులు, ముక్కు కొన, వేళ్ల కణుపులు కాస్త ఎర్రబారి ఉంటాయి. ఎంత నల్లని మనిషికైనా అరచేయి లేతగానే ఉంటుంది. ఆల్కహాల్ మార్కర్ల సిరా కూడా పారదర్శకమే. ఒక పూత మీద మరో పూత వేస్తే కింది రంగు పైకి తొంగిచూస్తుంది. చర్మాన్ని చిత్రించడానికి అవి అంత అనువుగా ఉండటానికి కారణం ఇదే.

కొనేటప్పుడు పెద్ద సెట్టు కోసం ఆశపడనక్కర్లేదు. జపాన్ వారి కాపిక్ మార్కర్లలో 358 రంగులున్నాయి. మేనిచాయలకు చిత్రకారులు ఎక్కువగా వాడేవి వాటిలో ‘ఇ’ వరుసలోవి. ‘ఇ’ అంటే ఎర్త్, మట్టి రంగులు. చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. మన చామనచాయకు ఇ13, ఇ15, ఇ18 వంటివి, ఇంకా ముదురు చాయకు ఇ29 దగ్గర పెట్టుకుంటే చాలావరకు సరిపోతాయి. అవి ఖరీదనుకుంటే తక్కువ ధర మార్కర్లలోనే లేత, మధ్యస్థ, ముదురు గోధుమ రంగులు మూడు, ఎర్రమట్టి రంగు ఒకటి, లేత ఊదా ఒకటి ఎంచుకోవచ్చు. మూత మీది రంగును నమ్మవద్దు. బొమ్మ వేయబోయే కాగితం ముక్క మీదే గీసి, ఆరనిచ్చి, చేతి పక్కన పెట్టి చూడాలి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించే రంగు ఆరాక తేలికపడుతుంది.

కాగితం నున్నగా, మందంగా ఉండాలి. కింద మరో కాగితం వేసుకోకపోతే సిరా అవతలి పేజీకి దిగుతుంది. ముందు లేత రంగును ముఖమంతా పరిచి, నీడ పడే చోట మధ్యస్థం, మెడ కింద, కనురెప్పల పైన ముదురు రంగు వేయాలి. ఆరకముందే లేత రంగుతో అంచుల మీద మళ్లీ తిరిగితే రెండూ కలిసిపోతాయి. నీడకు నలుపు, బూడిద రంగులు వాడితే ముఖం పాలిపోతుంది. ముదురు గోధుమ మీద పలుచగా ఊదా వేస్తే నీడ సజీవంగా ఉంటుంది. నల్లని చర్మం మీద వెలుగు మెరుపు స్పష్టంగా పడుతుంది కాబట్టి నుదురు, చెక్కిళ్ల దగ్గర కొంత చోటు లేతగా వదిలేయాలి. బడిపిల్లల స్కెచ్ పెన్నుల్లో ఉండేది నీటి సిరా. వాటితో పదేపదే రుద్దితే కాగితం లేచిపోతుంది. ఒక పూత ఆరాకే రెండోది వేయాలని పిల్లలకు చెప్పాలి.

ఈ చూపు మనకు కొత్తది కాదు. మట్టి రంగులతో వేసిన అజంతా గోడల మీద లేత చాయవారూ, నల్లనివారూ ఒకే సభలో, ఒకే అందంతో కనిపిస్తారు. తోట వైకుంఠం కుంచె తెలంగాణ పల్లె స్త్రీలకు నిండైన ముదురు చాయనిచ్చి, ఎర్రచీర, పెద్దబొట్టుతో ఆ చాయకే గాంభీర్యం తెచ్చింది. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ ఏంజెలికా దాస్ ‘హ్యుమానే’ పేరుతో వేల మందిని ఫొటోలు తీసి, ఒక్కొక్కరి ముక్కు మీది రంగును పాంటోన్ అనే రంగుల పట్టికలోని చాయతో సరిపోల్చి వెనుక పరిచారు. తెల్లవారని, నల్లవారని మనం పిలిచేవారిలో పూర్తి తెలుపుగానీ పూర్తి నలుపుగానీ ఆ ఫొటోల్లో కనబడదు.

ఒక మనిషి ముఖానికి సరైన రంగు వెతకాలంటే ఆ ముఖాన్ని ఓపికగా చూడాలి. అలా చూడటంలోనే గౌరవం ఉంది. తన చాయను తానే కలిపి కాగితం మీద పెట్టగలిగిన పిల్లకు, ఆ చాయ తక్కువదని ఎవరైనా చెబితే నమ్మడం కష్టం. రంగుల కంపెనీలు పన్నెండు రంగుల చిన్న పెట్టెలో కూడా కనీసం మూడు గోధుమ చాయలు ఉంచాలి. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసేవారు మన ఊళ్లలో కనిపించే ముఖాలనే గీయాలి. టీచర్లూ, తల్లిదండ్రులూ, ఈసారి పిల్లలు ముఖానికి రంగు వేయబోయే ముందు ‘నీ చెయ్యి చూసుకో’ అని ఒక్క మాట చెప్పండి.