లంపీ టీకా: ఆవిష్కరణకూ అందుబాటుకూ నడుమ

2022 సెప్టెంబరు 12న గ్రేటర్ నోయిడాలో ప్రపంచ పాడి సదస్సు ప్రారంభమైంది. దాదాపు యాభై ఏళ్ల తరువాత భారత్ ఆతిథ్యమిచ్చిన సదస్సు అది. అదే రోజుల్లో నైరుతి ఢిల్లీలోని గోయ్‌లా డెయిరీ, రేవ్లా ఖాన్‌పూర్, నజఫ్‌గఢ్ ప్రాంతాల్లో ఆవుల ఒంటిపై గడ్డలు లేచాయి. లంపీ చర్మవ్యాధి రాజధానికి చేరింది.

1929లో జాంబియాలో గుర్తించిన ఈ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది. దోమలు, ఈగలు, పిడుదుల ద్వారా వ్యాపిస్తుంది. మనుషులకు సోకదు. 2022లో దేశంలో లక్షన్నరకు పైగా పశువులు దీనికి బలయ్యాయి.

దీని కారకం మశూచి కుటుంబానికి చెందిన డీఎన్ఏ వైరస్. గాలికుంటును కలిగించే ఆర్ఎన్ఏ వైరస్‌లా ఇది తరచుగా రూపు మార్చదు. అందుకే దగ్గరి బంధువుకు తయారైన గోట్ పాక్స్ టీకానే ఢిల్లీలో ఆపద్ధర్మంగా, ఉచితంగా వేయగలిగారు. టీకాకు ఇంత అనువైన శత్రువు అరుదు.

హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ కలిసి ప్రత్యేక టీకాను రూపొందించాయి. కేంద్ర వ్యవసాయ మంత్రి నరేంద్రసింగ్ తోమర్ 2022 ఆగస్టు 10న దానిని ఆవిష్కరించారు. వ్యాధి కనబడిన మూడేళ్లకే ఈ ఫలితం, మెచ్చదగిన వేగం. కానీ భారత్ బయోటెక్ సముదాయానికి చెందిన బయోవెట్ తయారుచేసే ఆ టీకాకు లైసెన్సు 2025 ఫిబ్రవరిలో గాని రాలేదు. భద్రతా పరీక్షలకు వ్యవధి కావాలి, నిజమే. అయినా ఈ నడుమ ఈగలు, దోమలు ముసిరే రెండు వర్షాకాలాలు గడిచిపోయాయి. పాడిరైతుకు దిక్కు ఆ గోట్ పాక్స్ టీకాయే.