చెట్టు లేని నేలపై చక్రాల ఇల్లు

ఇల్లు విడిచి పోవుటనే మనము యాత్ర అందుము. ఇంటినే వెంటబెట్టుకొని పోవు యాత్రికులు ఆస్ట్రేలియాలో ఉన్నారు. కారు వెనుక చక్రాల ఇంటిని తగిలించి, అందులోనే వంట, పడక, మంచినీళ్ల తొట్టి అమర్చుకొని, ఉద్యోగము విరమించిన దంపతులు నెలల తరబడి ఆ ఖండపు అంచుల వెంట తిరుగుచుందురు. ఆ బండికి కారవాన్ అని పేరు. ఒకనాడు ఒంటెల బిడారునకు ఉన్న పేరే అది. 19వ శతాబ్దిలో ఆ ఖండములో బిడారులు నడపినవారిలో నాటి హిందూదేశపు వాయవ్య సరిహద్దునుండి పోయినవారును ఉన్నారు.

ఈ యాత్రికుల దారులలో పేరుపడినది దక్షిణ తీరమున నల్లర్‌బార్ మైదానమును దాటు దారి. ఆ పేరు లాటిన్ మాటలనుండి పుట్టినది. చెట్టు లేనిదని అర్థము. సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి బయలు అది. కురిసిన కొద్దిపాటి వాన రాతిలోనికి ఇంకిపోవును గాని ఏరై పారదు. అందుచేతనే పైన నదులు లేవు, అడుగున గుహలున్నవి. దక్షిణమున ఆ బయలు ఒక్కసారిగా తెగి నిలువుగోడవలె సముద్రములోనికి దిగును. మనకు తొలకరి కాలమగు జూన్, జులై నెలలలో అక్కడ చలికాలము. తిమింగలములు పిల్లలతో ఆ గట్టు క్రిందికి వచ్చును. రోడ్డు ఒకచోట 146 కిలోమీటర్ల పాటు ఒక్క వంపైనను లేక సాగును. 1976 నాటికి అంతయు తారురోడ్డయినది. పెట్రోలు, తొట్టెడు నీరు ఉన్నచో నేడు భయము లేదు.

పటములో ఇట్టి చోటును వ్రేలితో చూపి "నిర్జన ప్రదేశము" అని పిల్లలకు చెప్పివేయుట సులభము. ఆ మాటతోనే మాకు పేచీ.

ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ అను ఆంగ్లేయుడు 1841లో తూర్పునుండి పడమరకు ఈ తీరము వెంట నడచినాడు. రోడ్డుకు ఆయన పేరే పెట్టినారు. కాని ఇసుకతిన్నెలలో ఎచ్చట త్రవ్విన మంచినీరు ఊరునో ఆయనకు తెలిపినవారు ఆ నేల మనుష్యులే. మార్గమధ్యమున, వెంటవచ్చిన ఆదివాసి యువకులు ఇద్దరు సహచరుడగు బాక్‌స్టర్‌ను చంపి, ఆహారము తీసికొని పోయినారు. మిగిలిన వైలీయు ఆదివాసియే. చివరివరకు ఎయిర్‌తో నడచి జులైలో ఆల్బనీ చేరినవాడు అతడొక్కడే. రోడ్డు పేరులో అతడు లేడు. అదే ఎయిర్ 1865లో జమైకా గవర్నరుగా నల్లవారి తిరుగుబాటును ఘోరముగా అణచి, వందలమంది చావునకు కారకుడైనాడు. వైలీతో నడచిన నెలలు ఆయనకేమి నేర్పినవో!

ఆ మైదానము అడుగున కూనాల్డా అను గుహ ఉన్నది. చెకుముకిరాతి కొరకు అంత లోతునకు దిగినవారు మెత్తని గోడలపై వ్రేళ్లతో గీసిన గీతలు అందున్నవి. వాటి వయస్సు 20,000 ఏండ్లకు పైమాటే. మిర్నింగ్ జాతివారికి అది పవిత్రస్థలము. ఎవరో కంచె క్రింద త్రవ్వి లోపలికి దూరి, ఆ గీతలపై తమ పిచ్చివ్రాతలు గీకిన సంగతి 2022లో లోకమునకు తెలిసినది. చెరిగినవి మరల రావు.

పడమటి రాష్ట్రపు సరిహద్దున అధికారులు ప్రతి బండిని ఆపి పండ్లు, కూరగాయలు, తేనె తీసివేయుదురు; పొలములకు తెగులు సోకరాదని ఆ జాగ్రత్త. పండులోని పురుగును పట్టుకొనవచ్చును; "ఇక్కడ ఎవరును లేరు" అను తలంపును ఏ అధికారి పట్టుకొనగలడు? అది బడిలోనే మనసునకు ఎక్కును.

చక్రాల ఇంట పోవు ఆ వృద్ధ దంపతులపై మాకు ఏ కోపమును లేదు. అరువది ఏండ్లు దాటిన పిమ్మట తమ దేశమును చూడ బయలుదేరు ఉత్సాహము మనవారికిని కలిగిన బాగుండును. ఉపాధ్యాయులను ఒకటి కోరుచున్నాము. ఆస్ట్రేలియా పటము గీయించు రోజున, నల్లర్‌బార్ అను పేరు ప్రక్కనే మిర్నింగ్ అను పేరును, ఎయిర్ దారి ప్రక్కనే వైలీ పేరును వ్రాయింపుడు.