డీజే రాత్రికి టికెట్టెంత? ఎందుకంత?

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్లమీదే ఉంది. "అక్కా, మా బిడ్డ హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్నది. ఏదో డీజే ప్రోగ్రామట, టికెట్టు మూడువేల ఐదువందలట. వాళ్ల నాయిన రైసుమిల్లుల గుమాస్తా. ఒక్క రాత్రి పాటలకు అన్ని పైసలెందుకక్కా? మన బరాత్‌ల కొట్టే డీజేనే గద అది! పొమ్మందునా, వద్దందునా?" అని అడిగింది.

నవ్వొచ్చిన మాట నిజమే. కానీ ఆ ప్రశ్న వేసిన ఇల్లాలు లెక్క తెలిసిన మనిషి. కాబట్టి ముందు లెక్కే చూద్దాం.

మన దేశంలో ఈ పెద్ద డీజే ఉత్సవాలకు పేరు తెచ్చింది సన్‌బర్న్. 2007లో గోవాలో కాండోలిం బీచ్‌లో మొదలైంది. వీటి పోస్టరు ఎప్పుడైనా చూశారా? పైన ఒకటి రెండు పేర్లు పెద్దక్షరాల్లో, కిందికి పోనుపోనూ చిన్నక్షరాల్లో ఉంటాయి. దాన్నే లైనప్ అంటారు. మన పెళ్లిపత్రికలో ఎవరి పేరు పైన వేయాలని తగాదా పడతామే, అలాంటిదే. కాకపోతే అక్కడ వయసుకు కాదు, ధరకు మర్యాద! పై పేరు కోసమే జనం టికెట్టు కొంటారు. టికెట్టు డబ్బులో పెద్దముక్క కూడా సాధారణంగా ఆ పేరుకే పోతుంది.

ఆ పెద్దాయన చేతిలో వచ్చేది ఒక పెన్‌డ్రైవూ, హెడ్‌ఫోన్సూ. మిగతాదంతా పిలిచినవాళ్లే అమర్చాలి. ఫలానా మిషన్లు, ఫలానా స్పీకర్లు, వెనక ఇంత తెర అని ముందే జాబితా పంపిస్తారు. ఆయనకూ ఆయనతో వచ్చే బృందానికీ విమానం టికెట్లు, హోటలు గదులు సరేసరి. అందుకే విదేశీ డీజేలు ఒక్క ఊరికని రారు. 2024లో నార్వేకు చెందిన ఆలన్ వాకర్ మన దేశంలో ఊరూరా తిరిగింది అలాగే. దారిఖర్చు నాలుగు ఊళ్లూ పంచుకుంటాయి కదా.

తర్వాత మైదానం అద్దె, స్టేజీ, లైట్లు, జనరేటర్లు, వాటికి డీజిలు, బారికేడ్లు, కాపలావాళ్లు, అంబులెన్సు, మరుగుదొడ్లు. (ఆడపిల్లలకు ఎన్ని కట్టారో అడగవలసింది ఆ చివరిదే. పోస్టరు మీద దాని ఊసుండదు.) ఇందులో చాలా ఖర్చు ఐదువందలమంది వచ్చినా, ఐదువేలమంది వచ్చినా తగ్గేది కాదు. పెళ్లిలో విస్తళ్లు తగ్గించుకోవచ్చు గానీ పందిరి సగం వేయలేం, అదీ సంగతి. కనుకనే ముందు కొన్నవాళ్లకు తక్కువ ధర పెట్టి, రోజులు దగ్గరపడేకొద్దీ పెంచుకుంటూ పోతారు. అది మనమీద ప్రేమ కాదు, వాళ్ల అడ్వాన్సులకు మన డబ్బు కావాలి!

ఇక మూడువేల ఐదువందలు అంతటితో ఆగదు. ఐదువందలు దాటిన టికెట్టుకు 18 శాతం జీఎస్టీ. ధర పన్నుతో కలిపి వేయకపోతే ఇంకో 630 చేరి 4,130 అవుతుంది. ఆన్‌లైను బుకింగు చార్జీ వేరు. లోపలికి నీళ్ల సీసా తీసుకుపోనివ్వకపోతే నీళ్లు కూడా వాళ్ల రేటుకే. రాత్రిపూట ఆటోవాడు చెప్పిందే ధర. అమ్మాయి ఐదువేలు పట్టుకుంటే గానీ బయటపడదు.

ధర కంటే నాకు భయం వేరే ఉంది. 2023 డిసెంబరులో హైదరాబాదులో కొత్త సంవత్సరం రాత్రికి సన్‌బర్న్ పేరుతో ఆన్‌లైనులో టికెట్లు అమ్మారు. పోలీసు అనుమతే రాలేదు! ముఖ్యమంత్రి దాకా పోయింది సంగతి. మాదాపూర్ పోలీసులు కేసు పెట్టారు, ఆ కార్యక్రమం ఆగిపోయింది. టికెట్టు చేతికి వచ్చిందంటే ఆట ఉన్నట్టే అనుకోకూడదు. కోల్డ్‌ప్లే అనే బృందం 2025 జనవరిలో ముంబాయి వచ్చినప్పుడు అసలు ధరే 2,500 నుంచి 35,000 దాకా ఉంటే, బ్లాకులో దానికి ఎన్నో రెట్లు అడిగారు. ఫోనులో ఎవరో "నా దగ్గర ఎక్స్‌ట్రా ఉంది" అంటే అస్సలు వద్దు.

మన బరాత్ డీజే మాటకొద్దాం. పోయినేడు కోదాడలో మా ఆడబిడ్డ కొడుకు పెళ్లి. డీజేవాడు అడ్వాన్సు పుచ్చుకుని తొమ్మిదిన్నరకు దిగాడు. పది దాటితే మైకు ఆపాలి. 2005లో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అరగంట మోతకు పూర్తి డబ్బు ఇచ్చి వచ్చాం. పక్కింట్లో పదిరోజుల పసిబిడ్డ ఉందని మర్నాడు తెలిసి సిగ్గుపడ్డాను. అదిచాలక ఫంక్షన్ హాలువాళ్లు పాటల లైసెన్సు అంటూ ఇంకో రెండువేలు రాశారు. అక్కచెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి: పెళ్లికీ, పెళ్లి ఊరేగింపుకూ పాటలు పెట్టుకుంటే రాయల్టీ కట్టనక్కర్లేదని కాపీరైట్ చట్టంలోనే ఉంది. 2023 జూలైలో కేంద్రం మళ్లీ స్పష్టం చేసింది. అడిగితే ఆ మాటే చెప్పండి. నేను అప్పుడు చెప్పలేక కట్టాను.

మా సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీల చప్పుడుకు రాత్రంతా జనం ఊగిపోతారు. టికెట్టు లేదు, లైనప్ లేదు. అయినా మా అమ్మ నన్ను ఒంటరిగా పంపేది కాదు. మిర్యాలగూడ చెల్లీ, నీ ఉత్తరం చివర చిన్నగా రాశావే, "నేనైతే నల్గొండ దాటి ఒక్కదాన్నే ఎన్నడు పోలే" అని. అసలు సంగతి అదేనని నాకనిపించింది. మూడువేల ఐదువందల గురించి కాదు నీ దిగులు.

పొమ్మనమనే నా మాట. నీకు చెప్పకుండా పోగలిగిన పిల్ల నిన్నడిగింది. వద్దంటే వచ్చేసారి అడగదు. సగం డబ్బు తన ఖర్చుల్లోంచి మిగుల్చుకోమను, అప్పుడు పై పేరు నిజంగా వినదగ్గదో కాదో తనే ఆలోచిస్తుంది. పోలీసు అనుమతి వచ్చిందని పేపర్లో చూశాకే కొనమను, నాలుగొందలు ఎక్కువైనా సరే. వెళ్లేది ఎవరితో, తిరిగొచ్చేది ఏ బండిలో, హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు, ఈ మూడూ ముందే రాసి ఇవ్వమను. రాత్రి పన్నెండుకు ఫోను చేసి తిట్టకు. ఆ మోతలో దానికి ఎలాగూ వినపడదు.

ఇంకొకటి. 100 డెసిబెల్స్ మోతలో పావుగంట మించితే చెవికి మంచిది కాదని లెక్క. దూది పెద్దగా పనిచేయదు. మందుల షాపులో ఫోము ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి, తక్కువ ధరే. ఒక జత కొని పంపు. నీకూ ఒక జత ఉంచుకో, మీ వాడకట్టులో వినాయక నిమజ్జనానికి పనికొస్తుంది.