రిలే ఆఫ్ అయితే కరెంట్ ఆఫ్ అయినట్టు కాదు

ఈ వారం జీతాల సంగతి, టికెట్ల సంగతి పక్కన పెట్టి ఒక్క విషయమే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

ఎమిరేట్స్‌లో గోదాముల లోపల, లైట్ల కింద ఆకుకూరలు పెంచే ఫార్ములు వచ్చాయి. 2022లో దుబాయ్ అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్టు దగ్గర మొదలైన బుస్తానికా అయితే 3 లక్షల 30 వేల చదరపు అడుగులు. మన మాట అలాంటి పెద్ద ఫార్ముల గురించి కాదు. చిన్న షెడ్లలో, కంటైనర్లలో నడిచే వాటి గురించి. అక్కడ హెల్పర్ వీసా మీద వచ్చిన మన పిల్లలే విత్తనం పెట్టాలి, ట్యాంకులు కడగాలి, కోత కొయ్యాలి, ప్యాకింగ్ చెయ్యాలి. ఇప్పుడు లైట్ల టైమర్ మొరాయిస్తే రిలే కూడా వాళ్లే మార్చాలట.

"చిన్న పనే కదా, 5 వోల్టుల బోర్డు, రెండు వైర్లు బిగిస్తే అయిపోతుంది" అంటాడు సూపర్‌వైజర్. ఈ మాట సగమే నిజం. మిగతా సగం ప్రాణం తీస్తుంది.

రిలే బోర్డుకి రెండు పక్కలుంటాయి. టైమర్ నుంచి వచ్చే పక్క 5 వోల్టులే. లైటుకి వెళ్లే పక్క 230 వోల్టులు. రెండింటికీ మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లు. ఫార్ము లోపల గాలే తడి. కింద మందు కలిపిన నీళ్లు, అంటే ఉప్పు నీళ్లతో సమానం, కరెంట్‌ని బాగా మోస్తాయి. మన చేతులు తడి, చెప్పులు తడి. గుండె గాడి తప్పడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. ఇది చిన్న పని ఎట్లా అవుతుంది?

"రిలే ఆఫ్ చేశాంలే" అంటారు. రిలే ఆఫ్ అయితే లైటు ఆరుతుంది, అంతే. రిలే దాకా వచ్చిన ఫేజ్ వైరు అక్కడే బతికే ఉంటుంది. ఎవరో తెలియక ఫేజ్ బదులు న్యూట్రల్‌ని రిలేలోంచి తిప్పి ఉంటే, లైటు ఆరినా లైటు లోపలిదాకా కరెంట్ ఉంటుంది. పైగా టైమర్‌కి మన చెయ్యి లోపల ఉందని తెలియదు. దాని టైము రాగానే అది వేస్తుంది.

ఇది మనకు తెలియనిదా? ఊళ్లో బోరు మోటార్లకి ఆటోమేటిక్ స్టార్టర్లు చూసినవాళ్లమే కదా. కరెంట్ రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. కరెంట్ లేదనుకుని వైరు పట్టుకున్న రైతు గతి ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. ఆ స్టార్టర్‌లో ఉన్నదీ, ఈ బోర్డులో ఉన్నదీ ఒకటే పనితనం. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసినవాణ్ణి, నాకిదెంత" అనే మన ధీమా కూడా సూపర్‌వైజర్ మాటంత ప్రమాదమే.

రంగుల సంగతి ఇంకా ఘోరం. మన దగ్గర త్రీఫేజ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. యూరప్ పద్ధతిలో వచ్చే సామానులో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులు, నీలం న్యూట్రల్. అంటే మనం న్యూట్రల్ అనుకుని పట్టుకునే నల్ల వైరు అక్కడ ఫేజ్. ఊళ్లో నేర్చుకున్న పనే ఇక్కడ చంపగలదు.

తర్వాత లెక్క. బోర్డు మీద 10 ఆంప్స్ అని ఉంటుంది. 600 వాట్ల లైట్లు నాలుగు కలిపితే 2400 వాట్లు, 230తో భాగిస్తే 10.4 ఆంప్స్. అప్పుడే హద్దు దాటింది. పైగా ఆ 10 అనేది హీటర్ లాంటి లోడుకి. ఎల్ఈడీ లైటు డ్రైవర్ ఆన్ అయిన క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి రిలే లోపలి పాయింట్లు అతుక్కుపోతాయి. బోర్డు ఆఫ్ అని చూపిస్తుంది, కరెంట్ మాత్రం పోతూనే ఉంటుంది. రోజుకి 16 గంటలు లైట్లు వెలిగేచోట వదులుగా ఉన్న స్క్రూ కూడా కాలుతుంది, పక్కన థర్మాకోల్ ఉంటే అంటుకుంటుంది.

*సరైన పద్ధతి ఇది:*
▪️ రిలే కాంటాక్టర్‌ని మాత్రమే నడపాలి. లైట్ల లోడు కాంటాక్టర్ మొయ్యాలి.
▪️ లైన్‌కి సరిపడా ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఈఎల్‌సీబీ ఉండాలి. లైటు బాడీకి, స్టాండుకి ఎర్తింగ్ ఉండాలి.
▪️ బోర్డు మూత ఉన్న డబ్బాలో, నీళ్లు చిమ్మని ఎత్తులో ఉండాలి.
▪️ పని ముందు డీబీలో లైన్ ఆపి తాళం వెయ్యాలి. తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉండాలి.
▪️ టెస్టర్‌ని కరెంట్ ఉన్నచోట పెట్టి చూసి, తర్వాత ఆపిన లైన్ మీద, మళ్లీ కరెంట్ ఉన్నచోట చూడాలి. టెస్టరే చెడిపోయి ఉండొచ్చు.

"ఈఎల్‌సీబీ ఉందిగా, భయమేంటి" అనేవాళ్లకు ఒక మాట. అది భూమిలోకి లీకయ్యే కరెంట్‌నే పట్టుకుంటుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక లైటే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీరు నేర్చుకుని చెయ్యండి అని కాదు. ఇన్ని సంగతులున్న పని ఎలక్ట్రీషియన్‌ది, హెల్పర్‌ది కాదు అని. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే డబ్బులవుతాయని మన చేత చేయిస్తున్నారు. ఆ మిగులు వాళ్లది, ప్రమాదం మనది.

"కాదంటే ఉద్యోగం పోతుంది కదా అన్నా" అంటారు. ఆ భయం ఉత్తది కాదు, అప్పులు తెచ్చి వచ్చినవాళ్లం. కానీ చట్టం ఏమంటుందో తెలుసుకోండి. ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టం, నంబర్ 33. ఆర్టికల్ 12 ప్రకారం కాంట్రాక్టులో లేని పూర్తిగా వేరే పనిని, తప్పనిసరి అవసరమైతే తాత్కాలికంగా తప్ప, మీ రాతపూర్వక ఒప్పుదల లేకుండా చేయించకూడదు. ఆర్టికల్ 13 ప్రకారం రక్షణ ఏర్పాట్లు కంపెనీ బాధ్యత. ప్రమాదం ఉందని తెలిసీ కంపెనీ ఏమీ చెయ్యకపోతే, నోటీసు లేకుండా పని మానినా హక్కులు పోవని ఆర్టికల్ 45 చెబుతుంది. అలాగని కోపంలో బయటికి వచ్చేయకండి, ముందు ఫోన్ చేసి అడగండి. కార్మిక శాఖ 600590000, మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342. ఇంటి వీసా మీద తోటపనికి వచ్చినవాళ్లకి చట్టం వేరు, వాళ్లూ అడగండి.

సూపర్‌వైజర్‌తో గొడవ వద్దు. మర్యాదగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "సార్, నా కాంట్రాక్టులో హెల్పర్ అని ఉంది. ఇది ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని, దయచేసి పిలిపించండి." హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలంటే గ్రూపులో అడగండి, రాసిస్తాం. ఆ మెసేజ్ చెరపకండి. రేపు ఏదైనా అయితే "వాడే తెలియక చేశాడు" అనకుండా అదే సాక్ష్యం.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టి లాగకండి, ముందు మెయిన్ ఆపండి, 998కి అంబులెన్స్ కోసం ఫోన్ చెయ్యండి.

లైట్లు ఒక రోజు వెలగకపోతే ఆకుకూర ఎదుగుదల కాస్త ఆగుతుంది, కంపెనీకి అంతే నష్టం. దానికోసం మన ఇంట్లో దీపం ఆరకూడదు. ఫార్ముల్లో పనిచేసే మీ రూంమేట్లకి ఈ మెసేజ్ ఇవాళే పంపండి. చదవడం రానివాళ్లకి చదివి వినిపించండి.